వూల్‌వర్త్స్ నుంచి విల్కో దాకా: హైస్ట్రీట్ షాపుల్ని ముంచింది ఇంటర్నెట్టా, అద్దెలా?

పాత_బజారు

బ్రిటన్ హైస్ట్రీట్ల (ఊళ్ల ప్రధాన బజారు వీధుల) ఊసెత్తితే చాలు, అక్కడుంటున్న మనవాళ్ల నోట రెండు మాటలు తప్పకుండా వస్తాయి. వూల్‌వర్త్స్‌లో కప్పులో నింపుకునే పిక్ అండ్ మిక్స్ మిఠాయిలు, బీహెచ్ఎస్ లైట్ల విభాగం, సీ అండ్ ఏ చలికోట్లు, ఇవన్నీ తలుచుకోవడం మొదటిది. "ఏం చేస్తాం, ఆన్‌లైన్ వచ్చాక అన్నీ పోయాయి" అనడం రెండోది. మొదటి మాట నాకూ ఇష్టమే. రెండో మాట మీదే నా అభ్యంతరం, ఈ చర్చ పెడుతున్నది కూడా అందుకే.

తేదీలు చూడండి. 1909లో లివర్‌పూల్ చర్చ్ స్ట్రీట్‌లో మొదలైన వూల్‌వర్త్స్ 2008 నవంబర్ 26న అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే దివాలా నిర్వాహకుల చేతిలోకి వెళ్లింది. 2009 జనవరి 6 కల్లా 807 షాపులూ మూతపడ్డాయి, సుమారు 27,000 ఉద్యోగాలు పోయాయి. ఆ ఏడాది బ్రిటన్ చిల్లర వ్యాపారం మొత్తంలో ఇంటర్నెట్ వాటా 5 శాతం దగ్గర ఉంది. ఆ మాత్రం బేరం పక్కకి పోతే నూరేళ్ల సంస్థ ఆరు వారాల్లో కూలిపోదు.

అంతకు ఏడేళ్ల ముందు ఏం జరిగిందో చూడాలి. 2001లో మాతృసంస్థ కింగ్‌ఫిషర్, వూల్‌వర్త్స్‌ను విడదీసి వదిలేసే ముందు, 182 షాపుల సొంత భవనాలను 61.4 కోట్ల పౌండ్లకు అమ్మేసింది. అవే భవనాల్లో వూల్‌వర్త్స్ లీజుదారుగా మిగిలింది. డబ్బు ఒకరికి, అద్దె భారం ఇంకొకరికి. డెబెన్‌హామ్స్‌దీ ఇదే దారి. 2003లో మూడు పెట్టుబడి సంస్థలు కలిసి కొన్నాయి, 2005లో 23 భవనాలు బ్రిటిష్ ల్యాండ్ అనే ఆస్తుల కంపెనీకి 49.5 కోట్లకు వెళ్లాయి, 2006లో మళ్లీ షేర్ మార్కెట్‌కు వచ్చేసరికి నెత్తిన వంద కోట్ల పౌండ్లకు అటూఇటుగా అప్పు. సొంత గోడల మధ్య ఉన్న షాపు ఒక చెడ్డ ఏడాదిని తట్టుకుంటుంది, లీజు షాపుకు ఆ వెసులుబాటు ఉండదు. నేననేది ఒక్కటే: వీటికి వయసు మీరి పోలేదు, ఉన్నదంతా పిండేశాక పోయాయి.

కౌంటరు_వెనక

పాత_బజారు గారూ, భవనాల లెక్క సరైనదే. కానీ అద్దె భారమైందంటే ఆ అద్దెకు తగ్గ అమ్మకం లేదని కూడా అర్థం. ఆ సగం మీరు వదిలేశారు.

2008లో వూల్‌వర్త్స్‌లోకి వెళ్తే ఏముండేది? మిఠాయిలు, బొమ్మలు, సీడీలు, లేడీబర్డ్ పిల్లల బట్టలు, బల్బులు, పెయింటు డబ్బాలు, స్కూలు సామాన్లు. ఒక్కో వరస తీసుకోండి. కొత్త సీడీ టెస్కోలోనో ఆస్డాలోనో పాలూ బ్రెడ్డుతో పాటే చవగ్గా దొరికేది. బొమ్మలకు ఆర్గోస్ కేటలాగు. బకెట్లకూ బల్బులకూ విల్కిన్సన్ (తర్వాత విల్కో అయింది ఇదే). పెయింటుకు బీ అండ్ క్యూ, అదీ ఒకప్పుడు అదే కింగ్‌ఫిషర్ గూటిలో పెరిగిందే. ఇక మిగిలింది మిఠాయిలు. వాటి మీద మార్జిన్ బాగానే ఉంటుంది గానీ, ఊరి నడిబొడ్డున ఉన్న పెద్ద భవనాన్ని మిఠాయిలు మొయ్యలేవు. 2008 ఆగస్టుతో ముగిసిన ఆరు నెలలకే దాదాపు 10 కోట్ల పౌండ్ల నష్టం చూపించారు. ఏడాది సంపాదన అంతా క్రిస్మస్ ముందు వారాల్లోనే రావాలి, రాకపోతే దారి లేదు.

పాపమంతా అద్దెలదే అయితే, చవక అద్దెకు అదే షాపు పెట్టినవాళ్లు నిలబడాలి కదా? ఆ ప్రయోగం జరిగింది. మాంద్యంలో అద్దెలు పడిపోయి ఉన్న 2009లోనే, ఖాళీ అయిన చోట్లలో ఆల్‌వర్త్స్ పేరుతో అలాంటి సరుకే పెట్టి మొదలుపెట్టారు. 2011లో మూతపడింది. డోర్చెస్టర్‌లో పాత షాపును పాత సిబ్బందితోనే వెల్‌వర్త్స్‌గా తెరిస్తే దేశమంతా వార్త అయింది, తర్వాత పేరు వెల్‌చెస్టర్‌గా మార్చారు. 2012లో అదీ ఆగిపోయింది. వూల్‌వర్త్స్ పేరు కొనుక్కున్న షాప్ డైరెక్ట్ కూడా 2015లో ఆ సైటును మూసేసింది. జనానికి ఆ పేరంటే ప్రేమే, అందులో సందేహం లేదు. ఆ ప్రేమ నెలనెలా బిల్లు కౌంటరు దాకా రాలేదు.

చిట్టా_ఆవర్జా

ఇద్దరూ లాభనష్టాల చుట్టూ తిరుగుతున్నారు. గొలుసు దుకాణం కూలే రోజును తేల్చేది చేతిలో నగదు. నష్టాల్లో ఏళ్లు గడిపిన సంస్థలున్నాయి, నగదు లేకుండా వారం గడిపినవి లేవు.

సరుకు ఇచ్చేవాళ్లు 60, 90 రోజుల అరువు మీద ఇస్తారు. డబ్బు ఎగ్గొడితే తట్టుకోవడానికి క్రెడిట్ ఇన్సూరెన్స్ తీసుకుంటారు. షాపు పరిస్థితి బాగాలేదని ఆ ఇన్సూరెన్స్ కంపెనీకి అనుమానం వచ్చిందంటే కవర్ తగ్గిస్తుంది, లేదా తీసేస్తుంది. ఆపైన సరుకు కావాలంటే ముందే డబ్బు కట్టాలి. ఇది సెప్టెంబర్, నవంబర్ల మధ్య జరిగితే బయటపడటం చాలా కష్టం, క్రిస్మస్ సరుకు నింపుకోవాల్సింది సరిగ్గా అప్పుడే. 2008లో వూల్‌వర్త్స్‌కు అయింది ఇదే, అదీ 38.5 కోట్ల పౌండ్ల అప్పుతో, బ్యాంకులు తమ ప్రాణాలు కాపాడుకుంటున్న సమయంలో. వూల్‌వర్త్స్‌కే చెందిన టోకు సంస్థ ఎంటర్‌టైన్‌మెంట్ యూకే అప్పట్లో జావీ షాపులకు సీడీలు, డీవీడీలు సరఫరా చేసేది. ఆ సరఫరా తెగింది, డిసెంబర్ 24న జావీ కూడా అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది. జావీ అంటే అంతకు ముందటి వర్జిన్ మెగాస్టోర్స్.

జనవరిలో పడిపోయే షాపుల లెక్క వేరు. ఇంగ్లండ్‌లో షాపు అద్దె ఆనవాయితీగా మూడు నెలలకోసారి, ముందస్తుగా కడతారు: మార్చి 25, జూన్ 24, సెప్టెంబర్ 29, డిసెంబర్ 25. డిసెంబర్ అద్దె, క్రిస్మస్ సరుకు బిల్లులు, వ్యాట్ అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి, అమ్మకాలు మాత్రం జనవరిలో చల్లబడతాయి. జెస్సాప్స్ (కెమెరాలు), హెచ్ఎంవీ (సంగీతం), బ్లాక్‌బస్టర్ (వీడియోలు) మూడూ 2013 జనవరిలోనే పడటం కాకతాళీయం కాదు.

పనికొచ్చే ముక్క ఒకటి. గిఫ్ట్ కార్డు ఉన్నవాళ్లు చట్టం దృష్టిలో హామీ లేని అప్పులవాళ్లు, వరసలో చివరన ఉంటారు. హెచ్ఎంవీ విషయంలో మొదట కార్డులు తీసుకోబోమని చెప్పారు, తర్వాత తీసుకున్నారు, ప్రతిసారీ అలా జరగదు. పుకారు వినగానే వాడేయండి. 100 పౌండ్ల పైబడి 30,000 లోపు వస్తువును క్రెడిట్ కార్డుతో కొని ఉంటే, వినియోగదారుల రుణ చట్టంలోని సెక్షన్ 75 కింద కార్డు కంపెనీని అడగొచ్చు. డెబిట్ కార్డుకు చార్జ్‌బ్యాక్ (బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడగడం) ఉంది గానీ అది చట్టపరమైన హక్కు కాదు.

లీజు_లెక్కలు

బిజినెస్ రేట్స్, అంటే షాపు భవనం మీద ఏటా కట్టే పన్ను, ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. దాన్ని ఆ షాపు ఏడాది అద్దె అంచనా మీద వేస్తారు. చూపిస్తాను.

ముందువైపు 10 మీటర్లు, లోతు 40 మీటర్లు ఉన్న షాపు అనుకుందాం. వీధివైపు నుంచి మొదటి 6.1 మీటర్ల పట్టీ జోన్ ఏ. చదరపు మీటరుకు 1,000 పౌండ్లనుకుంటే అక్కడికి 61,000. తర్వాతి 6.1 మీటర్లకు రేటు సగం: 30,500. ఆ తర్వాతి పట్టీకి పావు: 15,250. మిగిలిన 21.7 మీటర్లకు ఎనిమిదో వంతు: 27,125. మొత్తం 1,33,875. దీన్ని 2019-20 గుణకం 50.4 పెన్స్‌తో హెచ్చిస్తే ఏడాదికి సుమారు 67,500 పౌండ్లు. ఒక్క వస్తువు అమ్ముడు కాకపోయినా కట్టాల్సిందే, అద్దెకు అదనంగా.

అసలు అన్యాయం తేదీలో ఉంది. ఈ అద్దె అంచనాల 2010 జాబితాకు ఆధారం 2008 ఏప్రిల్ నాటి అద్దెలు, అంటే మార్కెట్ బాగా పైన ఉన్నప్పటివి. ఆ తర్వాత ఉత్తరాది ఊళ్లలో అద్దెలు పడిపోయాయి. 2015లో రావాల్సిన కొత్త విలువ కట్టడాన్ని ప్రభుత్వం 2017కి వాయిదా వేసింది. ఏడేళ్లపాటు లేని అద్దె మీద పన్ను కట్టారన్నమాట. 2017లో విలువ తగ్గినవాళ్లకు కూడా తగ్గింపు ఒక్కసారిగా ఇవ్వలేదు, ఏడాదికింతని విడతలుగా ఇచ్చారు. అద్దె సంగతీ అంతే. పాత లీజుల్లో ఐదేళ్లకోసారి సమీక్ష ఉంటుంది, పైకి మాత్రమే. బజారు అద్దె సగానికి పడినా మీ అద్దె దిగదు. ఆ షరతును కొత్త లీజుల్లో నిషేధించాలని 2025లో బిల్లు పెట్టారు, విల్కో దాకా పోయిన వాటికి అది ఎందుకూ పనికిరాదు.

మేడమీద_గది

చిన్న సవరణ. జోన్ లెక్క వూల్‌వర్త్స్ సైజు వరకు సరే. డెబెన్‌హామ్స్, బీహెచ్ఎస్‌ల పెద్ద భవనాలకు జోన్లు వెయ్యరు, విస్తీర్ణమంతటికీ ఒకే రేటు కడతారు. లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో జోన్ లోతు కూడా 6.1 కాదు, 9.14 మీటర్లు.

లీజులో అద్దె కన్నా నన్ను బాధపెట్టేది మరమ్మతుల షరతు. పెద్ద షాపుల లీజులు ఎక్కువగా మరమ్మతులన్నీ, బీమా ఖర్చూ అద్దెదారే భరించే రకం. పైకప్పు, బాయిలర్, ఎస్కలేటర్, ముందరి అద్దాలు అన్నీ. నగదు కరువైన సంస్థ మొదట ఆపేది వీటినే. పైకప్పు కారుతుంది. పై అంతస్తులో ఒక మూల తాడు కట్టేస్తారు. తర్వాత కఫే ఎత్తేస్తారు, ఆ తర్వాత ఎస్కలేటర్ ముందు "మరమ్మతులో ఉంది" అన్న పలక నెలల తరబడి నిలబడుతుంది. కాఫీ కోసం వచ్చి దీపాల గొడుగు కొనుక్కెళ్లే మనిషి ఇక రాడు. బయటివాళ్లకు అది ఆసక్తి తగ్గిన షాపులా కనిపిస్తుంది, నిజానికి అది వాయిదా వేసిన పైకప్పు పని. ఖాళీ చేసేటప్పుడు భవన యజమాని ఆ పాడైనదానికంతా పరిహారం అడుగుతాడు, కాబట్టి బయటికి వెళ్లడమూ ఖరీదే.

పాత_బజారు

మేడమీద_గది గారు చెప్పినదానికి బీహెచ్ఎస్ కన్నా ఉదాహరణ అక్కర్లేదు. 1928లో బ్రిక్స్‌టన్‌లో పుట్టింది. 2000లో ఫిలిప్ గ్రీన్ 20 కోట్ల పౌండ్లకు కొన్నారు. తొలి ఏళ్లలోనే సంస్థ నుంచి 40 కోట్ల పైచిలుకు డివిడెండ్లు వెళ్లాయి, వాటిలో ఎక్కువ భాగం గ్రీన్ కుటుంబానికే. 2015లో ఒక్క పౌండుకు అమ్మేశారు, 2016 ఏప్రిల్‌లో కూలింది, ఆగస్టు 28న చివరి షాపు మూశారు. 164 షాపులు, 11,000 ఉద్యోగాలు, పెన్షన్ నిధిలో 57.1 కోట్ల లోటు. పెన్షన్ రెగ్యులేటర్‌తో ఒప్పందం కుదిరి 2017లో గ్రీన్ 36.3 కోట్లు కట్టారు. ఆ డివిడెండ్లలో కొంతైనా ఎస్కలేటర్ల మీద, సరుకు మీద పెట్టి ఉంటే?

విల్కో కూడా చూడండి. 1930లో లెస్టర్ ఊళ్లో మొదలై విల్కిన్సన్ కుటుంబం చేతిలోనే ఉన్న సంస్థ, 2022లో వర్క్‌సాప్ గిడ్డంగిని డీహెచ్ఎల్‌కు 4.8 కోట్లకు అమ్మి తిరిగి లీజుకు తీసుకుంది. మరుసటి ఆగస్టుకు అడ్మినిస్ట్రేషన్. మన దగ్గర డీమార్ట్ చాలా మటుకు సొంత భవనాల్లోనే షాపులు పెట్టడం ఊరికే కాదు.

ఇంకోటి, వూల్‌వర్త్ జర్మనీలో ఇవాళ్టికీ వందల షాపులతో నడుస్తోంది. 2001లో బ్రిటన్ వదిలివెళ్లిన సీ అండ్ ఏ కూడా. అక్కడ ఇంటర్నెట్ లేదా?

కౌంటరు_వెనక

జర్మన్ వూల్‌వర్త్ 2009 ఏప్రిల్‌లో దివాలా తీసింది, ఆ సంగతి కూడా చెప్పాలి. తర్వాత కొత్త యజమానుల చేతిలో పూర్తిగా చవక సరుకుకు మారి బతికింది. బ్రిటన్‌లో ఆ చోటును పౌండ్‌ల్యాండ్, బీ అండ్ ఎం, హోమ్ బార్గెయిన్స్ ఆక్రమించాయి. ఖాళీ అయిన వూల్‌వర్త్స్ షాపుల్లో 51 ఐస్‌ల్యాండ్ తీసుకుంది. విల్కో పోయినప్పుడు 51 చోట్లకు బీ అండ్ ఎం 1.3 కోట్లు ఇచ్చింది. అదే వీధి, అవే రేట్స్. ఏది ఎందుకు కొనాలో తెలిసిన షాపు ఆ అద్దె కట్టగలుగుతోంది.

అద్దె తగ్గిస్తే చాలన్న మాటకు సీవీఏలే (అప్పులవాళ్లతో కంపెనీ చేసుకునే రాజీ ఒప్పందాలే) జవాబు. అప్పులవాళ్లలో విలువ ప్రకారం 75 శాతం ఒప్పుకుంటే అద్దెల్ని కోసేయొచ్చు. టాయ్స్ ఆర్ అస్ 2017 డిసెంబర్‌లో అలా చేసి 2018 ఫిబ్రవరి 28న పడింది. బీహెచ్ఎస్ 2016 మార్చిలో చేసి ఏప్రిల్‌లో పడింది. హెచ్ఎంవీ మాత్రం రెండుసార్లు పడి కూడా నిలిచింది. పెద్ద అద్దెల షాపులు వదులుకుంది నిజమే, దాంతో పాటు వినైల్ రికార్డుల వైపు సరుకును మార్చుకుంది. 1921లో మొదలైన ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ 363 నంబరుకు 2023లో తిరిగి వచ్చింది.

చిట్టా_ఆవర్జా

ఎవరి తప్పైనా మూల్యం ఎవరు కట్టారో చూడండి. సంప్రదింపులు లేకుండా తీసేసినందుకు వూల్‌వర్త్స్ ఉద్యోగులకు 60 రోజుల దాకా జీతం పరిహారంగా వచ్చింది. 20 మందికన్నా తక్కువ ఉన్న షాపుల్లో పనిచేసినవాళ్లకు రాలేదు. ఈ 20 మంది లెక్కకు ఒక్కో షాపూ వేరు వేరు పనిచోటు కిందకే వస్తుందని 2015లో యూరోపియన్ కోర్టు తేల్చింది, అలాగే మూతపడ్డ ఎథెల్ ఆస్టిన్ బట్టల షాపులవాళ్లతో కలిపి సుమారు 4,400 మంది నష్టపోయారు. ఒకే యజమాని, ఒకే ఉత్తరం, ఒకే రోజు ఉద్యోగం పోవడం. చిన్న ఊరి షాపు కావడమే వాళ్ల తప్పు అన్నట్టు. నాకిది ఇప్పటికీ మింగుడు పడదు.

మేడమీద_గది

వాదన ఊళ్లవారీగా తేలాలంటే మీ ఊరి పాత షాపును మీరే చూడండి. ప్రభుత్వ సైటులో బిజినెస్ రేట్స్ వాల్యుయేషన్ పేజీలో పోస్ట్‌కోడ్ వేస్తే చాలా షాపులకు జోన్లవారీగా విస్తీర్ణం, రేటు ఉచితంగా కనిపిస్తాయి. పాత జాబితా విలువ కూడా పక్కన పెట్టి పోల్చండి. తర్వాత ల్యాండ్ రిజిస్ట్రీలో టైటిల్ రిజిస్టర్ తీయండి, 7 పౌండ్లు. ఇది ఇంగ్లండ్, వేల్స్‌కే, స్కాట్లండ్‌కు వేరే రిజిస్ట్రీ ఉంది. ఫ్రీహోల్డ్ (సొంత హక్కు), లీజ్‌హోల్డ్ (లీజు హక్కు) అని రెండు టైటిళ్లు కనిపిస్తే ఫ్రీహోల్డ్‌ది తీసుకోండి. బీ భాగంలో యజమాని పేరు, నమోదైన తేదీ ఉంటాయి, 2000 ఏప్రిల్ తర్వాత చేతులు మారి ఉంటే చాలాసార్లు ధర కూడా ఉంటుంది.

షాపు ఏడాదిగా ఖాళీగా ఉంటే ఇంకో దారి ఉంది. 2024 డిసెంబర్ నుంచి ఇంగ్లండ్ కౌన్సిళ్లు, 24 నెలల్లో 365 రోజులకు పైగా ఖాళీగా ఉన్న షాపు లీజును వేలం వెయ్యొచ్చు, కాలం ఒకటి నుంచి ఐదేళ్లు. అధికారం ఉంది గానీ కౌన్సిలు దాన్ని వాడుకోవాలని నిర్ణయించుకోవాలి, కాబట్టి ముందు మీ కౌన్సిలర్‌కు రాయండి. పెద్ద భవనమైతే వేలంతో పని జరగదు. పైకి వేరే మెట్లు ఉండవు, నడిమధ్యకు వెలుతురు రాదు. గ్లోస్టర్‌లో డెబెన్‌హామ్స్‌ను యూనివర్సిటీ తీసుకుని క్యాంపస్ చేసింది, అంత పెట్టుబడి పెట్టేవాళ్లుంటేనే అది సాధ్యం.

టైటిల్ తీసినవాళ్లు ఊరి పేరు, నమోదు తేదీ, ఇప్పుడక్కడ ఏ షాపు ఉందో ఇక్కడ పెట్టండి. 2001లో అమ్మిన 182లో ఉన్నవి ఏవో, వాటిలో ఎన్నింటిలో ఇప్పుడు వ్యాపారం సాగుతోందో జాబితా నేను రాస్తాను.