నేర్చుకునేకొద్దీ మెదడులో సినాప్సులు తగ్గుతాయా?

జిజ్ఞాసువు:
కొత్త విషయం నేర్చుకున్నప్పుడల్లా నాడీకణాల మధ్య కొత్త సినాప్సులు, అంటే ఒక కణం నుంచి మరో కణానికి సంకేతాలు అందే సంధులు, ఏర్పడతాయని ఇంతకాలం అనుకుంటూ వచ్చాను. అయితే పెద్దల మెదడులో కంటే ఏడాది వయసు పిల్లల మెదడులోనే అవి దట్టంగా ఉంటాయని ఈమధ్య చదివాను. ఇంత నేర్చిన పెద్దవారికి అవి తక్కువగా ఉండటమేమిటి?

నాడీశాస్త్ర విద్యార్థి:
మీరు చదివినది నిజమే. మెదడు మొదట అవసరానికి మించి సినాప్సులను పెంచుకుంటుంది. ఆ తర్వాత వాడుకలో ఉన్నవాటిని బలపరచి, లేనివాటిని తొలగిస్తుంది. ఏవి మిగలాలో చాలావరకు అనుభవమే తేలుస్తుంది. నాడీశాస్త్రవేత్తలు హ్యూబెల్, వీజెల్ 1960లలో పిల్లికూనలకు తొలి నెలల్లో ఒక కన్ను మూసి ఉంచి, తర్వాత తెరిచి చూశారు. కన్ను బాగానే ఉన్నా, మెదడులోని దృష్టి ప్రాంతంలో ఆ కంటికి స్పందించే కణాలు దాదాపు లేకుండా పోయాయి, ఎందుకంటే ఆ చోటును రెండో కన్ను ఆక్రమించుకుంది. ఎదిగిన పిల్లుల్లో ఇలా జరగలేదు. పుట్టుకతో వచ్చే శుక్లాలకు ఆలస్యం చేయకుండా శస్త్రచికిత్స చేయాలనడానికి కారణం ఇదే.

భాషాభిమాని:
భాషలోనూ ఇదే తీరు కనిపిస్తుంది. వెర్కర్, టీస్ 1984లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఇంగ్లీషు మాత్రమే వింటూ పెరిగే శిశువులు 6-8 నెలల వయసులో హిందీలోని ‘త’, ‘ట’ వంటి ధ్వనుల తేడాను గుర్తించగలిగారు. ఏడాది నిండేసరికి వారిలో చాలామంది ఆ తేడాను పోల్చుకోలేకపోయారు. హిందీ వింటూ పెరిగిన పిల్లలకు ఆ నేర్పు నిలిచింది.

పాత సభ్యుడు:
బాల్యం దాటితే అంతా ముగిసిందని మాత్రం దీన్నిబట్టి అనుకోకండి. ఆలోచన, నిగ్రహాలకు తోడ్పడే మెదడు ముందుభాగంలో ఈ కత్తిరింపు ఇరవైలలోనూ సాగుతుంది. లండన్ వీధులన్నీ కంఠస్థం చేసిన టాక్సీ డ్రైవర్లకు, మెదడులో జ్ఞాపకాలకూ దారులు గుర్తుంచుకోవడానికీ తోడ్పడే హిప్పోకాంపస్ వెనుకభాగం ఇతరులకంటే పెద్దదిగా ఉందని 2000లో మాగ్వైర్ బృందం చూపింది.

జిజ్ఞాసువు:
ఆ భాగం పుట్టుకతోనే పెద్దదిగా ఉన్నవారే ఆ వృత్తికి వెళ్లి ఉండవచ్చు కదా?

పాత సభ్యుడు:
సరైన సందేహం. అందుకే టాక్సీ డ్రైవర్లు కావడానికి వీధులు నేర్చుకుని పరీక్ష రాసేవారి మెదళ్లను శిక్షణకు ముందూ, తర్వాతా స్కాన్ చేసి, ఫలితాలను 2011లో ప్రచురించారు. మొదట అందరి హిప్పోకాంపస్‌లూ ఒకేలా ఉన్నాయి. చివరికి పరీక్షలో నెగ్గినవారిలో మాత్రమే ఆ భాగం పెరిగింది.