మనసు కదలనప్పుడు కూడా పరిచర్య చేయాలా? వంతుల పట్టిక తీసేయాలన్న వాదన మీద చర్చ

గుండ్లకమ్మ:
అందరికీ వందనాలు. పిడికెడు బియ్యం (వంటకు ముందు ఇంటింటా పిడికెడు తీసిపెట్టి బీదలకు పంచేది), రోగుల పరామర్శ, ఆదివారం బడి. చాలా సంఘాల్లో ఈ మూడూ వంతుల పట్టిక మీదే నడుస్తాయి. ఈమధ్య దాన్ని తీసేయాలని కొందరు గట్టిగా అంటున్నారు. వాళ్ల మాట ఇది: "పట్టిక మనుషులు వేసింది. ఆత్మ ప్రేరేపించినవాళ్లే చేయాలి. మనసు లేకుండా చేస్తే అది వేషధారణ."

నేను ఒప్పుకోను. వేషధారణ అంటే లేనిది ఉన్నట్టు చూపించడం. చప్పగా ఉన్న మనసుతోనే వెళ్లి మంచం పక్కన పది నిమిషాలు కూర్చుంటే అందులో మోసమేముంది? మత్తయి 21లో ఇద్దరు కొడుకుల ఉపమానం చూడండి. "పోతాను" అన్నవాడు తోటకు పోలేదు, "పోను" అన్నవాడు పోయాడు. తండ్రి ఇష్టప్రకారం చేసింది ఎవరన్నదే యేసు అడిగిన ప్రశ్న.

నూనెబుడ్డి:
అన్నా, ఒక్క ఉపమానంతో తేల్చేయకండి. 1 కొరింథీ 13:3 ఏమంటోంది? ఆస్తంతా బీదలకు పంచినా ప్రేమ లేకపోతే ప్రయోజనం లేదు. ప్రకటన గ్రంథం రెండో అధ్యాయంలో ఎఫెసు సంఘానికి కష్టం, సహనం, పని అన్నీ ఉన్నాయి. అయినా "మొదట నీకుండిన ప్రేమను నీవు వదిలితివి" అనిపించుకుంది. ఇచ్చే విషయంలో కూడా "దేవుడు ఉత్సాహముగా ఇచ్చువానిని ప్రేమించును" అని రాసి ఉంది కదా.

పట్టికతో వచ్చే చిక్కు ఇంకోటి. వంతు పడింది కాబట్టి వచ్చిన టీచరు పాఠం పుస్తకం గుడి మెట్ల మీద తెరుస్తాడు. అయిదు నిమిషాల్లో పిల్లలకు తెలిసిపోతుంది. పరామర్శకు వెళ్లినవాళ్లు నాలుగు ఇళ్లు తిరిగి నాలుగు టిక్కులు పెడతారు. పట్టిక టిక్కుల్ని పుట్టిస్తుంది, ప్రేమను కాదు.

గుండ్లకమ్మ:
ప్రకటన 2:4 చదివి ఆగిపోయావు తమ్ముడూ. అయిదో వచనం? జ్ఞాపకం చేసుకో, మారుమనస్సు పొందు, "ఆ మొదటి క్రియలను చేయుము." చల్లారిన ప్రేమకు ప్రభువు రాసిన మందులో క్రియలున్నాయి. ప్రేమ తిరిగొచ్చేదాకా పని ఆపమని ఎక్కడా లేదు.

ఉత్సాహంగా ఇవ్వమని చెప్పిన పౌలే అదే కొరింథువాళ్లకు ముందు ఉత్తరంలో (16:2) ఏం చెప్పాడు? ప్రతి ఆదివారం ఎవరి వరుమానం కొద్దీ వాళ్లు కొంత తీసిపెట్టండి, నేను వచ్చాక చందా పోగుచేసే పని ఉండకూడదని. అంటే ఆయన ప్రసంగం విని గుండె కరిగి జేబులో చెయ్యి పెట్టే పద్ధతి ఆయనకే వద్దు. రోజు పెట్టాడు, కొలత పెట్టాడు. దాన్ని మనం పట్టిక అంటున్నాం.

సమాజం_కోశాధికారి:
వచనాలు కాసేపు పక్కన పెట్టి బియ్యం లెక్క చూద్దాం.

పిడికెడు అంటే సుమారు 40 గ్రాములు. ఎసరు పెట్టే ముందు పూటకొకటి, రోజుకు రెండు. నెలకు ఒక ఇంటి నుంచి 2.4 కిలోలు, నలభై ఇళ్లయితే 96 కిలోలు. ఇందులో ఎవరి గుండే కరగక్కర్లేదు, డబ్బా పొయ్యి దగ్గర కనబడుతూ ఉంటే చాలు. మిజోరం సంఘాల్లో ఈ పద్ధతి 1910లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. ఉపవాస కూటంలో రాత్రి పదకొండింటికి ఏడుస్తూ "నెలకు బస్తా ఇస్తాను" అన్న మాట మాత్రం రెండో నెలకే జారిపోతుంది. అందుకే మాట ఇచ్చే కాగితం ఆ రాత్రి చేతికివ్వకూడదు, తర్వాతి ఆదివారం పగలు ఇవ్వాలి.

చెడిపోయేది ఎక్కడంటే: తడి చేత్తో తీసి వేస్తే అడుగున ఉండ కట్టి ముక్కవాసన వస్తుంది. నెల దాటి డబ్బాలో ఉంచితే ముక్కపురుగు పడుతుంది. రేషన్ బియ్యం, సన్నబియ్యం ఒకే సంచిలో పోస్తే వండలేం. లావువి ఉడికేలోపు సన్నవి మెత్తబడి జావ అవుతాయి. అలాంటి సంచి విధవరాలి ఇంటికి పంపితే మనం పంపింది సాయమా, చెత్తా? రెండు సంచులు వేరుగా పెట్టండి. తూకం ఇద్దరి ఎదుట వేసి ఇద్దరూ సంతకం చేయాలి. పంపకం ఆరాధన అయ్యాక గుడి ముందు కాదు, సాయంత్రం ఇంటికే.

నూనెబుడ్డి గారూ, మీరు అన్న ప్రేమ నాకు ఈ రెండు సంచుల దగ్గర కనిపిస్తుంది. ఉద్రేకంలో ఉన్నవాళ్లు బియ్యం వేరు చేయరు.

విచారణవాసి:
ఆర్.సి.ఎం. (రోమన్ కథోలిక) వైపు నుంచి ఒక మాట. యేసు సభను స్థాపించిన లొయోలా ఇగ్నాసి వారు తమ "ఆధ్యాత్మిక సాధనలు" పుస్తకంలో దీనికి సూటిగా నియమమే పెట్టారు. మనసు ఎండిపోయిన కాలంలో, అంతకుముందు తేటగా ఉన్నప్పుడు చేసిన నిర్ణయాన్ని మార్చకూడదు. అలాగని ఊరికే పళ్లు బిగబట్టమనలేదు. ప్రార్థన, ఆత్మపరిశీలన కొంచెం పెంచమన్నారు. కారణాలు మూడు చెప్పారు: మన నిర్లక్ష్యం, మనకు పరీక్ష, ఓదార్పు మన సంపాదన కాదు దేవుని వరమని తెలియడం. మొదటిదైతే సరిదిద్దుకోవాలి, మిగతా రెండింటిలో ఓపిక పట్టాలి.

మదర్ తెరెసా ఉత్తరాలు 2007లో అచ్చయ్యాయి. దేవుని సన్నిధి తెలియని చీకటి ఆమెకు దశాబ్దాలు ఉందని వాటిలో ఉంది. ప్రేరణ ఉంటేనే రావాలన్న నియమం కలకత్తాలో పెట్టి ఉంటే చావుబతుకుల్లో ఉన్నవాళ్ల కోసం ఆమె పెట్టిన కాళీఘాట్ ఇంట్లో మంచాలు ఎవరు తుడిచేవారు?

నైట్‌డ్యూటీ:
మీరంతా ఒక సంగతి వదిలేస్తున్నారు. మనసు కదలకపోవడం అన్నివేళలా ఆత్మీయ విషయం కాదు. 1 రాజులు 19లో ఏలీయా బదరీవృక్షం కింద చావు కోరుకున్నాడు. దూత ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చి, అప్పం, నీళ్లు రెండుసార్లు ఇచ్చి, ప్రయాణం నీ శక్తికి మించినదని చెప్పాడు. కొత్త పని అప్పజెప్పడం హోరేబు చేరాకే. నిద్ర, ఆకలి పోయి, దేనిమీదా ఆసక్తి లేకుండా రెండు వారాలు దాటితే డాక్టరుకు చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అలాంటి మనిషిని "విశ్వాసంతో లాగించు" అని వార్డుకు పంపడం ఆ మనిషికీ అన్యాయం, రోగికీ అన్యాయం.

పరామర్శ పద్ధతి కూడా చెప్తాను, టిక్కుల గొడవ దీంతో కొంత తీరుతుంది. ఇద్దరికి మించి వెళ్లొద్దు. ముందు నర్సును అడగాలి, చేతులు కడగాలి. నిలబడి మాట్లాడితే రోగి మెడ ఎత్తి చూడాలి, కాబట్టి కూర్చోండి. పది పదిహేను నిమిషాలు చాలు. జబ్బు వివరాలు తవ్వొద్దు. 23వ కీర్తన ఆరు వచనాలే, అది చదివి రెండు నిమిషాలు మెల్లగా ప్రార్థించి లేవండి. పక్క మంచం మీద కూడా మనిషి ఉన్నాడు. ఎక్కువ హాని చేసేది చప్పగా వచ్చినవాళ్లు కాదు. ఆవేశంతో వచ్చి, "స్వస్థత అయిపోయింది, మాత్రలు ఆపెయ్" అనేవాళ్లు. ఆ మాటకు షుగరు, మూర్ఛ మందులు ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

నూనెబుడ్డి:
మాత్రల సంగతిలో మీతోనే ఉన్నాను, అది ప్రేరణ కాదు, అహంకారం. బియ్యం, పరామర్శ పట్టిక మీద నడవొచ్చని కూడా ఒప్పుకుంటాను. వాక్యం చెప్పడం, తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించడం మాత్రం వంతుతో జరగకూడదు. అనుభవం లేని నోటి నుంచి వచ్చేది ఉపన్యాసమే.

గుండ్లకమ్మ:
మరి మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ? 1738 మార్చిలో తనకు విశ్వాసం లేదని తేలిపోయి ప్రసంగాలు మానేద్దామనుకున్నాడు. మానొద్దన్నది మొరేవియన్ బోధకుడు పీటర్ బోలర్. విశ్వాసం కలిగేదాకా దాన్నే ప్రకటించు, కలిగాక కలిగింది గనుక ప్రకటిస్తావు అన్నాడు. లండన్ ఆల్డర్స్‌గేట్ వీధి కూటంలో వెస్లీ గుండె వెచ్చబడి విశ్వాసం కలిగింది మే 24న. మధ్య రెండు నెలలకు పైగా ఆయన ప్రసంగిస్తూనే ఉన్నాడు.

మన ఒంగోలు సంగతి కూడా ఉంది. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్లు తవ్వించే కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. ఆ సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. కదిలిన గుండెను వెంటనే నమ్మకుండా ఆగి చూశాడన్నమాట.

నూనెబుడ్డి:
క్లౌ దొర ఉదాహరణ పక్కకు పోయింది అన్నా. ఆయన అనుమానించింది జనం ఆకలిని, ఆత్మ ప్రేరణను కాదు. బోలర్ మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు, ఆలోచిస్తాను. వెస్లీ ఆ రెండు నెలలూ వెతుకుతూనే ఉన్నాడు కదా. పట్టికలో పేరున్నవాళ్లందరూ వెతుకుతున్నారా?

సమాజం_కోశాధికారి:
వెతకనివాళ్లకు దారి ఉండాలి. అందుకే పట్టికకు గడువు పెట్టండి: మూడు నెలలు, ఆ తర్వాత ఒక నెల ఖాళీ. పేరు దానంతటదే కొనసాగకూడదు, మళ్లీ అడిగి రాయాలి. మానేస్తానని ఎవరైనా కూటం రాత్రి చెబితే వినండి, పేరు కొట్టేయకండి. రెండు వారాల తర్వాత కూడా అదే మాట మీద ఉంటే బియ్యం గది తాళం, తూకం పుస్తకం ఇద్దరి ఎదుట అప్పగించుకోండి. కారణం సంఘం ముందు చెప్పమని అడగొద్దు.

విచారణవాసి:
రెండు వారాలు సరిపోతాయి. అప్పగించే రోజు మాత్రం ఆదివారం పెట్టకండి, అందరూ చుట్టూ చేరతారు.