లంబసింగిలో రాత్రి ఉల్కలు కనిపిస్తాయా?

డిసెంబర్ 13 రాత్రి జెమినిడ్స్ ఉల్కలు చూద్దామని పిల్లలతో లంబసింగి వెళ్దామనుకుంటున్నాం. టెంట్ దొరుకుతుందా? మంచులో అసలేమైనా కనపడుతుందా?

↳ టెంట్లు అక్కడే అద్దెకిస్తారండీ. మంచు తెల్లవారుజామునే ఎక్కువగా కమ్మేస్తుంది కాబట్టి 2 గంటలకి లేద్దాంలే అనుకోకుండా, ఈ ఉల్కలు వస్తున్నట్టు కనిపించే మిథునరాశి బాగా పైకొచ్చే రాత్రి 10 గంటలకే మొదలెట్టేయండి. చలి కింద నుంచే లాగేస్తుంది, పిల్లలకి చాప మీద మందపాటి రగ్గు పరవండి.

↳ ముందు తిథి చూసుకోండి. పౌర్ణమి దగ్గరైతే చిన్న ఉల్కలన్నీ వెన్నెల్లో కలిసిపోతాయి.

↳ ఫోన్ ఒక్కసారి వెలిగించారంటే కళ్ళు మళ్ళీ చీకటికి అలవాటుపడ్డానికి 20 నిమిషాలు పైనే. టార్చికి ఎర్ర జిలేటిన్ కాగితం చుట్టండి. పక్క టెంట్ వాళ్ళ క్యాంప్‌ఫైర్, డీజే సంగతి మాత్రం దేవుడే చూడాలి!

↳ థాంక్సండీ, రోడ్డుకి దూరంగా ఉన్న టెంటే అడుగుతా.