ఫ్రెంచ్‌లో మీవాడిని ఏమని పరిచయం చేస్తారు: కొపాఁ అనా, కోంపాన్యోఁ అనా?

లియోన్_సిరి
ఉండేది లియోన్‌లో, నాకు 34 ఏళ్లు. మొన్న ఆఫీసు డిన్నర్‌లో మావాడిని చూపించి "సె అఁ కొపాఁ" అన్నాను. అంటే "ఒక ఫ్రెండు" అనట! "మోఁ కొపాఁ", అంటే "నా" కొపాఁ అనాలి. ఒక్క "నా" మర్చిపోతే మూడేళ్ల ప్రేమ స్నేహమైపోయింది. మనిషి చీజ్ ముక్కను కత్తితో పొడిపొడి చేస్తూ కూర్చున్నాడు, ఇంటికొచ్చేదాకా నోరు విప్పలేదు. సరే, అది నా తప్పే. కానీ ఈ వయసులో కొపాఁ అంటే కాలేజీ పిల్లల మాటలా లేదా? కోంపాన్యోఁ అనమంటున్నారు మా టీచర్. మీరేమంటారు?

పారిస్_బాబాయ్
టీచర్ గారిదే రైటు. ఒకే ఇంట్లో ఉంటూ పెళ్లి చేసుకోనివాళ్లు, కాస్త వయసొచ్చినవాళ్లు కోంపాన్యోఁ అంటే హుందాగా ఉంటుంది. ఆడవాళ్లయితే కోంపాఞ్. మేనేజరు ముందు "మోఁ మెక్" మాత్రం అనకమ్మా, "మావోడు" అన్నట్టుంటుంది.

రొట్టెముక్క
నేనొప్పుకోను బాబాయ్. కోంపాన్యోఁ అనగానే కాపురం పెట్టేశారనుకుంటారు. వేరే వేరే ఇళ్లలో ఉండేవాళ్లు ఏం చెప్పాలి? యాభై ఏళ్లవాళ్లు కూడా నిక్షేపంగా కొపాఁ అంటారు. అయినా రెండూ ఒకే లాటిన్ మాట నుంచి పుట్టాయి: కలిసి రొట్టె తినేవాడు అని. ఒకటి పిల్లల మాట, ఒకటి పెద్దల మాట అని గీత గీసింది మనమే.

పారిస్_బాబాయ్
పుట్టుక ఎవడికి కావాలయ్యా, వినేవాడికి ఏమర్థమైందన్నదే కదా ముఖ్యం!

నిశ్శబ్దం
"మోన్ ఆమీ" సంగతి ఎవరూ ఎత్తలేదే. స్నేహితుడో ప్రియుడో తేలదని దాన్ని తీసిపారేస్తారు. నాకు పనికొచ్చిందే ఆ తేలకపోవడం. రాతలో తేడా ఉన్నా, మగవాళ్లకైనా ఆడవాళ్లకైనా పలకడం ఒకటే. నా జోడీ కూడా అమ్మాయే. కొత్త ఆఫీసులో మొదటి ఆరు నెలలు ఆ మాటతోనే నెట్టుకొచ్చాను.

మాంట్రియల్_మావయ్య
మా క్యూబెక్‌లో ఈ గొడవే లేదు. అబ్బాయి చమ్, అమ్మాయి బ్లోండ్, అంటే మాటకి బంగారు జుట్టుది అని. మా ఆవిడది కాకినలుపు జుట్టు, పెళ్లికి ముందు తనూ నా బ్లోండే! ఫారాల్లో అయితే కోంజ్వాఁ, అంటే జీవిత భాగస్వామి.

రొట్టెముక్క
సిరీ, ఫ్రాన్స్‌లో 1999 నుంచి పాక్స్ ఉందిగా, పెళ్లి కాకుండా జంటగా నమోదు చేసుకునే ఒప్పందం. అది చేసుకున్నా కాగితాల మీదే పార్టెనేర్, నోటితో మళ్లీ కొపాఁ, కోంపాన్యోఁలే. కాబట్టి కొపాఁ అనేసెయ్, "మోఁ" మాత్రం మర్చిపోకు.

లియోన్_సిరి
అతన్నే అడిగాను. "పేరు చెప్పు, చాలు" అన్నాడు. తనేమో వాళ్ల అమ్మమ్మ దగ్గర నన్ను "మా కొపీన్" అన్నాడు. ఆ "మా" మన "మా" కాదు, వాళ్ల "నా". అయినా వినగానే ఏదో మనింటి మాటలాగే అనిపించింది. అందుకే నాదీ కొపాఁ వోటే, సారీ బాబాయ్. కాకపోతే ఆఫీసులో ఇంకా "నీ ఫ్రెండు ఎలా ఉన్నాడు?" అనే అడుగుతున్నారు. ఇప్పుడు వీళ్లకి ఎలా సర్దిచెప్పాలి?