మందు కలపని టబ్బులోనే చేపలు చనిపోతున్నాయి

శీలావతి చేపపిల్లల మీద క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందుతో 96 గంటల ఎల్‌సీ50 పరీక్ష (అన్ని గంటల్లో సగం చేపల్ని చంపే గాఢత ఎంతో కనుక్కోవడం) చేస్తున్నాను. మందు టబ్బుల సంగతి సరే, పోలిక కోసం మందు కలపకుండా ఉంచిన కంట్రోల్‌ టబ్బులోనే 10కి 3 పోతున్నాయి, అదీ వరసగా రెండోసారి. 10 శాతం దాటితే పరీక్ష చెల్లదు కదా, అదే టెన్షన్.

20 లీటర్ల టబ్బుకి 10 చేపలు, ఒక్కోటి సుమారు 4 గ్రాములు. 27 డిగ్రీలు, పీహెచ్ 7.4. రెండు రోజులు గాలి పట్టించిన కుళాయి నీళ్లు. మేత ముందురోజే ఆపాను. స్టాటిక్ పద్ధతి కాబట్టి మధ్యలో నీళ్లు మార్చలేదు. 48 గంటల దాకా బాగానే తిరుగుతాయి. తర్వాత పైకొచ్చి నోరు తెరుస్తూ, మొప్పలు గబగబా ఆడిస్తూ తెల్లారేసరికి తేలిపోతాయి. ఒంటి మీద మచ్చ కూడా ఉండదు.

ఏరేటర్ మార్చాను, వేరే హేచరీ పిల్లల్ని తెచ్చాను. తేడా లేదు.

20 లీటర్లకు 40 గ్రాముల చేపలు ఎక్కువై వాటి విసర్జన వల్ల వచ్చే అమ్మోనియా పేరుకుంటోందా, లేక లోపం నీళ్లలోనే ఉందా?