చలికాలంలో ఒక పూట అడవి నడక: నాన్నగారికి, పిల్లలకు సరిపోయే పార్కు ఏది?

ప్రశ్న (హైదరాబాదు, ఉప్పల్ నుంచి)

అందరికీ నమస్కారం. డిసెంబరు చివరి వారంలో ఒక ఆదివారం, నగరం దాటకుండానే ఎక్కడైనా చెట్ల మధ్య ఒక పూట నడిచి రావాలని మా ఇంట్లో అనుకుంటున్నాము. మాతో 74 ఏళ్ళ మా నాన్నగారు, 11 ఏళ్ళ అమ్మాయి, 8 ఏళ్ళ అబ్బాయి ఉంటారు. నాన్నగారు నల్లగొండ జిల్లాలోని మా ఊళ్ళో జీవితమంతా వ్యవసాయం చేసి, అమ్మ పోయిన తర్వాత మా దగ్గరికి వచ్చారు. ఆకు చూపిస్తే చెట్టు పేరు, ఆ చెట్టు దేనికి పనికివస్తుందో కూడా చెప్పగలరు. కానీ అపార్టుమెంటులో ఆయనను ఆ సంగతులు అడిగేవారు లేరు. పిల్లలు ఆ పేర్లు తాతయ్య నోటి నుంచే వినాలన్నది నా అసలు కోరిక.

నిరుడు ఇదే రోజుల్లో శివార్లలోని ఒక పార్కుకు వెళ్ళాము. పక్కన ఒక బృందం స్పీకరు పెట్టుకుని ఉండటం వల్ల పిట్ట కూత ఒక్కటి కూడా వినపడలేదు. మా తప్పు కూడా ఉన్నది: దారి మొత్తం చుట్టి రావాలన్న తొందరలో ఎక్కడా ఆగలేదు. దూరంగా నాలుగు జింకలు కనిపించి మాయమయ్యాయి. తిరిగి వస్తుంటే మా అబ్బాయి "ఇంతేనా నాన్నా?" అని అడిగాడు. ఆ మాట నన్ను ఏడాదిగా వదలలేదు.

నాన్నగారు చేతికర్రతో ఒకటి, ఒకటిన్నర కిలోమీటర్లు నిదానంగా నడుస్తారు. చలి ఎక్కువైతే ఆయాసం వస్తుంది. ఏ పార్కుకు, ఏ వేళకు వెళ్ళాలో, భోజనం సంగతి ఏమిటో, వీటన్నిటికంటే ముఖ్యంగా పిల్లలకు ఏమి చూపించాలో తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు (వనస్థలిపురం నివాసి)

మీరు ఉప్పల్‌లో ఉన్నారు కాబట్టి నాగోలు, ఎల్బీ నగర్ మీదుగా మా వైపు రండి. విజయవాడ రహదారి పక్కనే ఉన్న మహావీర్ హరిణ వనస్థలి మీకు దగ్గర కూడా, తగినది కూడా. కేబీఆర్ పార్కు మంచిదే. అయితే దాని విస్తీర్ణం 1.43 చదరపు కిలోమీటర్లే, పైగా ఉదయం వేళ వ్యాయామం కోసం వేగంగా నడిచేవారి మధ్య మీ నాన్నగారు చెట్టు దగ్గర ఆగి మాట్లాడటం కష్టం. చిలుకూరు దగ్గరి మృగవనిలో చుక్కల దుప్పులు, కణుజులు (సాంబార్ జింకలు) ఉంటాయి, కానీ మీకు నగరం ఈ కొస నుంచి ఆ కొసకు ప్రయాణం.

హరిణ వనస్థలి 14.59 చదరపు కిలోమీటర్ల పొదల అడవి, గడ్డి మైదానం. నిజాముల కాలంలో ఇది వేటకు కేటాయించిన భూమి. వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణోత్సవాల జ్ఞాపకంగా 1975లో దీనిని జింకల వనంగా తీర్చిదిద్ది ఆయన పేరు పెట్టారు. 1994లో జాతీయ ఉద్యానమైంది. తుపాకులు తిరిగిన నేలకు అహింసను బోధించిన మహనీయుని పేరు రావడం ఇరవై ఏళ్ళుగా ఇక్కడ నడుస్తున్న నాకు ఇప్పటికీ మనసు నిండే విషయం. పిల్లలకు ఈ సంగతి గేటు దగ్గరే చెప్పండి.

ఇక చూడవలసింది కృష్ణజింక. చాలామంది దీనిని చుక్కల దుప్పితో కలిపి "జింక" అనేసి ఊరుకుంటారు, కానీ తేడా కొమ్ముల్లోనే ఉన్నది. దుప్పి కొమ్ములు చెట్టు కొమ్మల్లా చీలి, ఏడాదికొకసారి రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. కృష్ణజింక కొమ్ము చీలదు, రాలదు. మెలికలు తిరుగుతూ ఒకే కాడగా పైకి లేచి, దాని బతుకంతా దానితోనే ఉంటుంది. నల్లని వీపు, తెల్లని పొట్ట, కంటి చుట్టూ తెల్లని వలయం ఉంటే అది ముదిరిన పోతు. గోధుమ రంగులో ఉండి కొమ్ములు లేనివి ఆడవి. గోధుమ రంగులోనే ఉండి కొమ్ములున్నవి కనిపిస్తే అవి ఇంకా ఎదుగుతున్న పోతులు, వయసుతో పాటు వాటికి నలుపు వస్తుంది. ఇంతమాత్రం తెలిస్తే మీ అమ్మాయి దూరం నుంచే మందను చూసి ఏది ఏదో చెప్పగలదు.

జింక కనిపించకపోయినా నిరాశపడకండి, దాని ఆనవాళ్ళు చూపించండి. బలమైన పోతు కొంత నేలను తనదిగా చేసుకుని, రోజూ వచ్చి ఒకే చోట పెంటికలు వేస్తుంది. గడ్డి మధ్య బోడిగా ఉన్న చోట పాతవి బూడిద రంగులో, కొత్తవి నల్లగా నిగనిగలాడుతూ ఒకే కుప్పగా ఉంటే, మీరు ఒక పోతు సరిహద్దు దగ్గర నిలబడినట్లే. కంటి కిందనున్న గ్రంథిని పుల్లల చివరలకు రాసి కూడా అది తన వాసనను వదులుతుంది.

ఈ కాలమే ఎందుకు మంచిదంటే, కార్తీకం దాటాక గడ్డి ఎండి అణుగుతుంది, చాలా చెట్లు ఆకులు రాలుస్తాయి, శ్రావణంలో పచ్చటి గోడలా ఉన్న అడవిలోకి ఇప్పుడు చూపు దూరంగా వెళ్తుంది. ఎండ తీక్షణత లేనందువల్ల జింకలు పగటిపూట కూడా మేతకు బయట తిరుగుతాయి. గేటు తెరిచే వేళకే చేరుకోండి. వేళలు, రుసుములు, సెలవు రోజు, నడిచేందుకు అనుమతి ఉన్న దారులు మారుతుంటాయి కాబట్టి ముందు రోజే కనుక్కోవడం మంచిది. ఆ రోజు అటవీ శాఖ వారి సఫారీ బండి ఉంటే నాన్నగారిని అందులో కూర్చోబెట్టి లోపలి మైదానం చూపించవచ్చు.

జవాబు (జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు, హబ్సిగూడ)

పై మిత్రులు చెప్పినవన్నీ సరైనవే, ఒక్క వేళ విషయంలో మాత్రం నేను ఏకీభవించలేను. ఆయాసం ఉన్న పెద్దవారిని డిసెంబరు తెల్లవారుజామున రహదారి పక్క అడవికి తీసుకువెళ్ళకండి. చలికాలపు రాత్రి నేల త్వరగా చల్లబడి, దాన్ని ఆనుకుని ఉన్న గాలి కూడా చల్లబడి బరువెక్కుతుంది. దానిపైన ఉన్న వెచ్చని గాలి మూతలా పనిచేయడం వల్ల లారీల పొగ, చెత్త తగలబెట్టిన పొగ, దుమ్ము పైకి పోలేక మన ముక్కుల ఎత్తులోనే నిలుస్తాయి. మనం పొగమంచు అని మురిసిపోయేదానిలో చాలా వరకు పొగే. ఎండ నేలను వేడెక్కించాక, అంటే సుమారు ఎనిమిదిన్నర, తొమ్మిది నుంచి ఆ మూత విడిపోతుంది. ఆయన మందులేవో, వాడుతుంటే ఇన్‌హేలరు, చేతి సంచిలోనే ఉండాలి.

ఆలస్యంగా వెళ్ళడం వల్ల మీరు పోగొట్టుకునేది కూడా ఏమీ లేదు. చలికి పురుగులు ఎగరవు, పురుగులు ఎగరకపోతే వాటిని గాలిలో పట్టి తినే పిట్టలకు పని ఉండదు. పొద్దున్నే పసిరికలు (తేనెటీగలను తినే ఆకుపచ్చ పిట్టలు) ఒకే కొమ్మ మీద ఒకదానికొకటి ఆనుకుని, ఈకలు ఉబ్బించుకుని ఎండ కాచుకుంటూ ఉంటాయి. ఎండ కాస్త ముదిరాక ఒక్కొక్కటే గాలిలోకి దూకి, తేనెటీగనో తూనీగనో పట్టి, అదే కొమ్మకు తిరిగి వస్తుంది. పట్టినది తేనెటీగ అయితే వెంటనే మింగదు, కొమ్మకేసి కొట్టి, రుద్ది, ముల్లు పోయాకే మింగుతుంది. కదలకుండా పది నిమిషాలు కూర్చున్న పిల్లలు ఇది తప్పక చూస్తారు. పాలపిట్టను కూడా చూపించండి. కూర్చున్నప్పుడు మట్టి రంగుగా అనిపించే ఆ పిట్ట రెక్క విప్పగానే కనిపించే నీలాన్ని పిల్లలు మరచిపోరు. అది మన రాష్ట్ర పక్షి అని వారు బడిలో చదివే ఉంటారు, చదివినది కళ్ళ ముందు ఎగరడం వేరు.

నేలను కూడా వదలకండి. బండ చూరు కింద వాన తడవని మెత్తని దుమ్ములో గరాటు ఆకారపు చిన్న చిన్న గుంటలు ఉంటాయి. ప్రతి గుంట అడుగునా ఒక పురుగు దుమ్ములో ఒళ్ళు దాచుకుని కాచుకుని ఉంటుంది. చీమ అంచు మీద కాలు వేసి జారితే, కింద నుంచి అది ఇసుక విసిరి చీమను మరింత కిందికి లాగుతుంది. ఆ బండ కూడా సామాన్యమైనది కాదు. మన హైదరాబాదు గ్రానైటు రాళ్ళ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు.

జవాబు (దిల్‌సుఖ్‌నగర్ గృహిణి)

భోజనం గురించి నాలుగు మాటలు. వనభోజనమంటే మనకు ఉసిరి చెట్టు కింద విస్తళ్ళు పరచడం అలవాటు, కానీ జాతీయ ఉద్యానంలో ఆ పద్ధతి తగదు. పులిహోర వాసనకు కోతులు వస్తాయి, ఒకసారి మనిషి చేతి తిండి మరిగిన కోతి తర్వాత వచ్చే పిల్లల చేతుల్లోంచి లాక్కుంటుంది. కడుపు నిండా పెసరట్టో ఉప్మానో తిని బయలుదేరండి, లోపలికి స్టీలు సీసాల్లో నీళ్ళు, నాన్నగారికి ఫ్లాస్కులో వేడినీళ్ళు మాత్రమే తీసుకువెళ్ళండి. భోజనం బయటికి వచ్చాక చేయండి. పిల్లలకు ఎరుపు, తెలుపు బట్టలు వేయకుండా ఆకుపచ్చో మట్టి రంగో వేస్తే మంచిది.

ప్రశ్న అడిగినవారి నుంచి

మొన్న ఆదివారం వెళ్ళి వచ్చాము. తొమ్మిదికి కొంచెం ముందు లోపలికి వెళ్ళి, పన్నెండుకు బయటికి వచ్చాము. మూడు గంటల్లో మేము నడిచింది కిలోమీటరు కంటే ఎక్కువ ఉండదు.

మొదటి మోదుగ చెట్టు దగ్గరే నాన్నగారు ఆగిపోయారు. ఒక కాడకు ఎన్ని ఆకులున్నాయో లెక్కపెట్టమని పిల్లలకు చెప్పారు, మూడు. రాలిన ఆకులు నాలుగు తీసి, ఒకదాని అంచు మీద ఒకటి పెట్టి, ఎండు పుల్లను సన్నగా చీల్చి అక్కడక్కడ గుచ్చి విస్తరి ఎలా కుట్టేవారో చేసి చూపించారు. ఆయన వేళ్ళు ఇప్పుడు వణుకుతాయి, కానీ పుల్ల గుచ్చేటప్పుడు వణకలేదు. తన పెళ్ళికి ఇంటిల్లిపాదీ వారం రోజులు విస్తళ్ళు కుట్టారని చెప్పారు. ఈ సంగతి నాకు కూడా ఇంతవరకు తెలియదు. తర్వాత తంగేడు, రేల, చండ్ర, బలుసు అని ఒక్కొక్కటే చెబుతుంటే మా అమ్మాయి నోటు పుస్తకంలో పదిహేడు పేర్లు రాసుకున్నది. చూపించడం పూర్తయ్యాక ఆ విస్తరిని అక్కడే చెట్టు మొదట్లో వదిలి వచ్చాము.

కృష్ణజింకలు దూరంగా పదకొండు కనిపించాయి, అందులో నల్లనిది ఒక్కటే. పెంటికల కుప్పను మా అబ్బాయే ముందు కనిపెట్టాడు. పసిరిక తేనెటీగను కొమ్మకేసి కొట్టడం చూసి వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు కానీ నోరు మెదపలేదు. పొద్దున్నే బయలుదేరవద్దని చెప్పిన ఉపాధ్యాయురాలి గారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. నాన్నగారు ఒక్కసారి కూడా ఇన్‌హేలరు అడగలేదు.

ఒక సందేహం మిగిలింది. ఒక తుమ్మ చెట్టు కింద గిజిగాడు గూడు పడి ఉన్నది. అయితే దానికి పొడుగాటి గొట్టం లేదు, సగంలో ఆగిపోయి, బోర్లించిన బుట్టలా మధ్యలో అడ్డంగా ఒక పట్టీతో ఉన్నది. లోపల ఎండిన మట్టి ముద్దలు అంటుకుని ఉన్నాయి. పిట్ట ఎందుకు సగంలో వదిలేసిందని మా అబ్బాయి అడిగితే నాన్నగారికి కూడా తెలియలేదు. దానిని ఇంటికి తెస్తానని వాడు పట్టుబట్టాడు, తేనివ్వలేదు. సరిగానే చేశానా?

జవాబు (జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు, హబ్సిగూడ)

సరిగానే చేశారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ ఉద్యానం నుంచి ఏదీ పట్టుకుపోకూడదు, రాలిపడిన గూడైనా సరే.

బాబుకు ఇలా చెప్పండి. గూడు అల్లేది మగ పిట్ట. వానల కాలంలో వరి ఆకుల నుంచి, గడ్డి నుంచి పీచులు చీల్చి తెచ్చి, ముందు వలయం, తర్వాత పైకప్పు అల్లి, మీరు చూసిన స్థితిలోనే పని ఆపి, రెక్కలు కొట్టుకుంటూ ఆడ పిట్టలను పిలుస్తుంది. ఆడ పిట్ట వచ్చి, గూటిలో దిగి, ముక్కుతో పోచలు లాగి చూస్తుంది. నచ్చితేనే మగ పిట్ట మిగిలిన గదిని, గొట్టాన్ని అల్లి పూర్తి చేస్తుంది. ఏ ఆడ పిట్టకూ నచ్చని గూడు సగంలోనే ఉండిపోతుంది, ఆ పిట్ట మరొకటి మొదలుపెడుతుంది. తడి మట్టి ముద్దలను కూడా మగ పిట్టే తెచ్చి ఈ దశలోనే లోపల అంటిస్తుంది.

ఆగస్టులో ఒకసారి మళ్ళీ అదే తుమ్మ దగ్గరికి తీసుకువెళ్ళండి. గిజిగాళ్ళు మెచ్చిన చెట్టుకు ఏటేటా తిరిగి వస్తుంటాయి, అల్లే పనిని బాబు కళ్ళారా చూడవచ్చు.