30 గొర్రెలకి పట్టుకునే దొడ్డి, సందు: రెడీమేడ్ కొనాలా, నేనే కట్టుకోవాలా?

కొత్త మంద
అందరికీ నమస్కారం. నా దగ్గర పిల్లలు కాక 30 గొర్రెలున్నాయి. నట్టల మందు తాపాలన్నా గిట్టలు కత్తిరించాలన్నా దొడ్డంతా పరిగెత్తి ఒక్కోదాన్ని పట్టుకోవాల్సి వస్తోంది, ఇద్దరం చేసినా ఒక పూట పట్టేస్తోంది, సగం అయ్యేసరికి దేనికి తాపామో దేనికి తాపలేదో గుర్తుండట్లేదు. పోయినసారి అన్నీ ఒక మూలకి ఎగబడి, కింద పడ్డ పిల్లని తొక్కేశాయి, దాని కాలు విరిగింది. అది అరిచిన అరుపు ఇంకా చెవుల్లోనే ఉంది. రెడీమేడ్ ఇనప సెట్లు చూశాను, గొర్రెని పట్టి తిప్పే మెషీన్ కూడా ఉంది. ఇంత చిన్న మందకి అవన్నీ కావాలా? నేనే కట్టుకుంటే కొలతలెంత పెట్టాలి?

పాత కాపరి
తమ్ముడూ, మెషీన్ మాట ఇప్పుడొద్దు. నీకు ముందు కావాల్సింది చిన్న దొడ్డి. పెద్ద దొడ్డిలో పట్టుకోవడమే నీ కష్టమంతా. 10 అడుగులు బై 10 అడుగులు ఉంటే 30 గొర్రెలూ ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడతాయి, పరిగెత్తడానికి చోటుండదు కాబట్టి ఎగబడవు, నువ్వు మధ్యలో నడుస్తూ మందు తాపొచ్చు. తాపినదానికి వెంటనే తల మీద రంగు గీత పెట్టు, గుర్తుంచుకునే పనే ఉండదు. పిల్లల్ని మాత్రం ముందే వేరే గదిలోకి తీసెయ్, ఆ ఇరుకులో వాటిని పెద్దవాటితో ఉంచకు.

ఉన్నిని పట్టి లాగొద్దు, కింద చర్మం కమిలిపోతుంది. దవడ కింద ఒక చెయ్యి, తోక దగ్గర ఒక చెయ్యి, అంతే. మందు పోసేటప్పుడు తల పైకెత్తకూడదు, దాని మామూలు ఎత్తులోనే ఉంచి నోటి పక్కనుంచి నాలుక వెనక్కి నిదానంగా పొయ్యాలి. తలెత్తి గబగబా పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అలా న్యుమోనియా వచ్చి నా గొర్రె ఒకటి పోయింది, తప్పు నా చేతిదే.

వెల్డింగ్ పని
అన్నగారు చెప్పింది నిజమే కానీ తూకం వెయ్యాలన్నా, వేరు చెయ్యాలన్నా సందు, అంటే గొర్రెలు ఒకదాని వెనక ఒకటి నడిచే ఇరుకు దారి, ఉండాల్సిందే, ఇది నా అభిప్రాయం. పెద్ద జాతికి 18 అంగుళాల వెడల్పు, చిన్న జాతి అయితే 15 చాలు. గొర్రె ముందుకే నడవాలి, వెనక్కి తిరగడానికి వీల్లేకుండా ఉండాలి, అదే లెక్క. ఎత్తు 3 అడుగులు, పొడవు 10 అడుగులు పెడితే ఒకసారికి మూడు నాలుగు నిలబడతాయి. పక్కలు ఊచలతో వదిలెయ్యకుండా చెక్కతో గానీ రేకుతో గానీ మూసెయ్యండి, బయట మనుషులు కనబడితే అక్కడే ఆగిపోతాయి. చివర మాత్రం జాలీ ఉండాలి, ముందున్న తోటి గొర్రె కనిపిస్తేనే అడుగేస్తుంది. రేకు అంచులు మడిచెయ్యండి, గేటు బందుల దగ్గర మేకు మొన కూడా బయటికి ఉండకూడదు. సందు చివర రెండు వైపులా ఊగే గేటు ఒకటి పెడితే అమ్మేవి ఇటు, ఉంచేవి అటు, ఇంక పట్టుకునే పనే లేదు.

ఒక్కసారి ఇది చేసి చూడండి. సందులో గొర్రె ఆగిపోతే వెనకనుంచి తొయ్యకుండా, మీరు దాని తలవైపు నుంచి తోకవైపు పక్కగా నడవండి. మీరు జబ్బ దాటగానే అదే ముందుకి కదులుతుంది.

గిట్టల బాధ
తోలే దిక్కు కూడా చూసుకోండి. చీకట్లోకి పొమ్మంటే పోవు, వెలుతురులోకి, కాస్త ఎత్తుకి అయితే వాటంతటవే ఎక్కుతాయి. నేను సందు కట్టినప్పుడు నేల మీద అడ్డంగా నీడ పడేది, ఒక్కటీ దాటలేదు, పొద్దున్నే తోలడం మొదలుపెట్టాక ఆ బాధ పోయింది.

సందులోనే గిట్టల తొట్టి, అంటే గిట్టల జబ్బుకి మందునీళ్ళలో నడిపించే తొట్టి, పెట్టుకోవచ్చు. 10 లీటర్ల నీళ్ళకి కిలో జింక్ సల్ఫేట్, గిట్టలు మునిగేంత లోతు. మైలతుత్తం మాత్రం వద్దు, అందులో ఉండేది రాగి, గొర్రెకి రాగి విషం. తోలేముందు కడుపునిండా నీళ్ళు తాగనివ్వండి, లేకపోతే తొట్టిలో మూతి పెడతాయి. బయటికొచ్చాక ఎండిన గట్టి నేల మీద కాసేపు ఆపాలి. గిట్టలు కత్తిరించడానికి చూడి గొర్రెల్ని చివరి నెలలో తిప్పి పిరుదుల మీద కూర్చోబెట్టకండి, గిట్టలు నిలబెట్టే చూడండి.

కొత్త మంద
చాలా థాంక్స్ అన్నలూ. ముందు చిన్న దొడ్డి, దాని మూలనుంచి 10 అడుగుల సందు, మెషీన్ కొనట్లేదు. ఒక్క డౌటు, కింద ఎంత ఖాళీ వదలాలి? కడగడానికి కాస్త వదులుదామనుకుంటున్నా.

వెల్డింగ్ పని
పిల్ల కాలు పట్టేంత ఖాళీ ఎక్కడా వద్దు. పక్కల్ని నేలకి ఆనించెయ్యండి, కడిగే నీళ్ళు పోవడానికి నేలనే ఒక వైపుకి వాలుగా పొయ్యండి.